తెరకు ఎడమ అంచు

“కుర్చీ అక్కడ వద్దని ఇది నాలుగోసారి చెప్పడం,” అన్నాను.

నా చేతుల్లో టీ కప్పుల పళ్ళెం. ఎదురుగా వంటింటి గడపకు అడ్డంగా ఆయన కుర్చీ. అందులో కాళ్ళు చాపుకుని ఆయన.

“ఇక్కడైతే గాలి వస్తుంది.”

“గాలి కిటికీలోంచి వస్తుంది. వంటింట్లోంచి వచ్చేది పొగ.”

“నీ చేతి పొగ కూడా నాకు ఇష్టమే,” అన్నారు. కాళ్ళు మాత్రం తీయలేదు.

“చాల్లేరా సరసం,” అని సోఫాలోంచి అత్తయ్య అందుకుంది. “సినిమా చూసేవాడు తెర ముందు కూర్చుంటాడు గానీ, పిలవని పేరంటానికి వచ్చినట్టు గుమ్మంలో కూర్చుంటాడా?”

“ఇక్కణ్ణుంచైతే తెర మొత్తం ఒక్కసారే కనిపిస్తుందమ్మా.”

“లేకపోతే పారిపోతుందా ఏంటి?”

అందరం నవ్వాం. ఆ వానాకాలం మొదట్లో మాకు ఇంకా నవ్వు వచ్చేది.

వేసవిలో ఆ కుర్చీ సోఫాను ఆనుకునే ఉండేది. మొదటి వానలకు అది భోజనాల బల్ల వెనక్కి చేరింది. ఇప్పుడు వంటింటి గడప దగ్గర తేలింది. ఇంకా వెనక్కి జరగాలంటే పొయ్యి మీద కూర్చోవాలి. నేను పళ్ళెం ఎత్తి పట్టుకుని ఆయన మోకాళ్ళ మీంచి దాటాను. ఒక కప్పులో టీ కొంచెం ఒలికింది. అది ఆయన కప్పే అయ్యేలా చూసుకున్నాను.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. సినిమాలంటే ప్రాణం. డిపోలో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు, ‘ఇంటర్వెల్’ అంటారు. చివరి స్టాపులో టీ తాగుతూ చూసిన సినిమా కథ సగం చెప్పి, మంచి పట్టులో ఉండగా లేచి వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంటారట. మిగతా సగం మళ్ళీ ట్రిప్పు తిరిగి వచ్చాకే. ఆ సగం వినడానికి డ్యూటీ మార్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారని చెప్పుకుంటారు.

ఇంట్లో మాత్రం ఆయన సగాలు ఒప్పుకోరు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి సినిమా. మేం నలుగురం, నెలకు నాలుగు వారాలు, ఒక్కొక్కరికి ఒక్కో వంతు. ఐదో ఆదివారం వస్తే అది అత్తయ్యకు అదనం. నియమాలు ఆయన పెట్టినవే. వంతు వచ్చినవాళ్ళు తమకు నిజంగా ఇష్టమైన సినిమానే చూపించాలి. ఎందుకు ఇష్టమో మొదలుపెట్టే ముందు ఒక్క మాటలో చెప్పాలి. మొదలయ్యాక ఎవరూ లేవకూడదు. అయిపోయాక ఒక్కొక్కరు తమకు నచ్చిన ముక్క ఒకటి చెప్పాలి. ఆ ముక్క చెప్పడంలో ఆయనను మించినవాళ్ళు లేరు. అందరం చూసిన సినిమానే, ఆయన చెప్తే కొత్తగా ఉండేది.

ఆ ఆదివారం ఆయన వంతు. తెర మీద మొదటి అక్షరాలు పడగానే మా అమ్మాయి తల పట్టుకుంది.

“నాన్నా! పోయిన నెలా ఇదే. దాని ముందు నెలా ఇదే.”

“మంచి సినిమాకు మూడుసార్లు తక్కువ.”

“ఇది మోసం. నువ్వు ఇదివరకు కొత్తవి వెతికి వెతికి తెచ్చేవాడివి. నానమ్మా, నువ్వైనా చెప్పు.”

“నాకేం, నాకు నిద్ర పట్టే సినిమా ఏదైనా ఒకటే,” అంది అత్తయ్య.

“సరే, ఎందుకు ఇష్టమో చెప్పు మరి. ఒక్క మాటలో.”

ఆయన కాసేపు తెర వైపే చూశారు.

“ఇందులో ఎవరు ఎక్కణ్ణుంచి వస్తారో నాకు తెలుసు,” అన్నారు.

అది కూడా హాస్యమే అనుకున్నాం.

తర్వాతి వారం అమ్మాయి వంతు. కాలేజీలో ఎవరో చెప్పారని కొత్త సినిమా పెట్టింది. ముగ్గురు అన్నదమ్ములు, ఒక పాత ఇల్లు, ఆ ఇల్లు ఎవరిదో తేల్చే ఉత్తరం ఒకటి. బాగా నవ్వించే సినిమా. అరగంట గడిచాక నాకు ఒకటి తట్టింది. ఆయన మాతో కలిసి నవ్వడం లేదు. మేం నవ్వాక నవ్వుతున్నారు. ఎవరో చెప్పిన జోకు అర్థం కాకపోయినా మర్యాదకు నవ్వినట్టు, ఒక్క క్షణం వెనక.

సినిమా అయిపోయింది. అత్తయ్య తనకు వర్షంలో గొడుగు ఎగిరిపోయిన చోటు నచ్చిందంది. అమ్మాయి చివరి పాట అంది. నేను ఏదో చెప్పాను.

“నాకైతే ఒక సందేహం,” అన్నారు ఆయన. “ఆ బల్ల మీది ఉత్తరం చివరకు ఎవరు తీశారో చూపించనే లేదు. అలా వదిలేయడం బాగుంది. తెలివైన డైరెక్టరు.”

అమ్మాయి పడీ పడీ నవ్వింది. “నాన్న నటన చూడు! మొహం ఎంత సీరియస్‌గా పెట్టాడో!”

నిజానికి సినిమాలో పెద్దన్న గట్టిగట్టిగా అరుస్తుంటే, తెరకు ఎడమ అంచున ముసలి పనిమనిషి వచ్చి, ఉత్తరం తీసి, జాకెట్లో దోపుకుని వెళ్ళిపోతుంది. దాచిందేం లేదు. సినిమా అంతా ఆ ఒక్క చేయి మీదే నడిచింది. అత్తయ్య సైతం ఆ క్షణంలో “అమ్మ దొంగముండా!” అని పైకే అంది.

ఆయన కూడా నవ్వారు. అమ్మాయి నవ్వాక.

అది నటన కాదని నాకు అనిపించింది. అయినా ఎవరితో అనను? మా ఇంట్లో చూపు తగ్గింది నాకు. నేను ఇంట్లోనే బట్టలు సరిచేస్తాను. జిప్పులు మార్చడం, నడుములు వదులు చేయడం, అంచులు ఎత్తడం. నలభై ఐదు దాటాక సూదిబెజ్జం కనిపించడం మానేసింది. రోజూ తెల్లవారి డ్యూటీకి వెళ్ళే ముందు ఆయనే ఐదు సూదుల్లో దారం ఎక్కించి సూదుల దిండుకు గుచ్చి వెళ్తారు. ఒక్క దెబ్బకు ఎక్కిస్తారు, ఉమ్ముతో తడపను కూడా తడపరు. అలాంటి మనిషి కళ్ళను అనుమానించడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. అనుమానం మాత్రం పోలేదు. ఆ వారమంతా ఆయనను దొంగచాటుగా చూస్తూనే ఉన్నాను. ఎడమ భుజం తలుపుకు తగలడం చూశాను. బల్ల మీద పక్కనే పెట్టిన గ్లాసు కోసం చేత్తో తడమడం చూశాను. వడ్డిస్తుంటే నేను పక్కకు వచ్చిన ప్రతిసారీ ఉలిక్కిపడటం చూశాను.

“పిల్లిలా నడుస్తావేం?” అన్నారొకసారి విసుగ్గా.

నేను నడిచే తీరు ఇరవై ఏళ్ళుగా మారలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆయన బస్సు కండక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. యూనిఫాం ప్యాంటు తెచ్చింది.

“వదినా, నడుం రెండు వేళ్ళు వదులు చెయ్యాలి. నేను లావెక్కలేదు. గుడ్డే ముడుచుకుంది.”

“గుడ్డలన్నీ అంతే చెల్లీ. మన ఇళ్ళకొచ్చాకే ముడుచుకుంటాయి.”

నవ్వింది గానీ కూర్చోలేదు. టేపు పెట్టి కొలుస్తుంటే నా తల మీదుగా గోడను చూస్తూ మాట్లాడింది.

“అన్న ఈ మధ్య కథలు చెప్పట్లేదు వదినా.”

“ఇంట్లో చెప్తున్నారులే.”

“టీ కూడా తాగట్లేదు. స్టాపులో బండి ఆపి స్టీరింగ్ పట్టుకునే కూర్చుంటున్నాడు.” గుమ్మం వైపు చూసింది. “నేను ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పకూడదనే వచ్చాను.”

నేను టేపు కింద పెట్టాను.

“మూడు నెలల కింద ఎడమ అద్దం స్తంభానికి గీసుకుంది. అది ఎవరికైనా జరుగుతుంది. తర్వాత ఒకామె గొడుగేసుకుని రోడ్డు దిగింది, ఎడమ నుంచే. నేను అరవకపోతే...” మాట మింగేసింది. “అప్పట్నుంచి నేను ముందు మెట్టు మీదే నిలబడుతున్నా. టికెట్లు ఆలస్యమైతే జనం తిడుతున్నారు. తిట్టనీ. ‘ఎడమ పక్క సైకిలు’, ‘ఎడమ పక్క పిల్లలు’ అని చెప్తూనే ఉంటా. ఆయన నన్ను చెప్పమని అడగలేదు. నేను ఎందుకు చెప్తున్నానో ఆయనా అడగలేదు. రెండు నెలలుగా అన్న ఎడమ కన్ను నేనే వదినా.”

“నాకెందుకు చెప్పలేదమ్మా ఇన్నాళ్ళూ?”

“చెప్తే ఏమవుతుందో తెలియదా? డిపోలో తెలిస్తే స్టీరింగ్ తీసేస్తారు. ఇరవై రెండేళ్ళ డ్రైవర్ని గేటు దగ్గర చీటీలు రాయమంటారు, అదీ ఖాళీ ఉంటే. ఆయన నన్ను సొంత చెల్లెల్లా చూశాడు. నా నోటితో ఎలా చెప్పను?”

“మరి ఇప్పుడు?”

“వచ్చే సోమవారం నుంచి నన్ను వేరే రూటుకు వేశారు. కొత్త కండక్టరు వస్తాడు. వాడు వెనక సీట్లో కూర్చుంటాడు, అందరిలాగే.”

ఆమె వెళ్ళిపోయాక ఆ ప్యాంటు నడుం విప్పి, తప్పుగా కుట్టి, మళ్ళీ విప్పాను.

శుక్రవారం ఆయన సంబరంగా వచ్చారు. చేతిలో కాగితం. ఏటా జరిగే వైద్య పరీక్ష ఆ రోజే అయిందట.

“చూడు! ‘విధులకు అర్హుడు’. వచ్చే ఏడాది దాకా ఢోకా లేదు. అక్షరాల అట్ట మీద కింది వరస దాకా గడగడా చదివాను. ‘ఈ వయసులో ఇలాంటి కళ్ళు ఎక్కడా చూడలేదండీ’ అన్నాడు డాక్టరు.”

ఆ కాగితాన్ని క్యాలెండరు పక్కన గోడకు అంటించారు. అత్తయ్య దానికి దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ.

నేను ఆయన వెనకే వంటింట్లోకి వెళ్ళి తలుపు చేరవేశాను.

“పక్కలకు చూపు ఎలా ఉందో చూశాడా ఆ డాక్టరు?”

“పక్కచూపులు చూస్తే నువ్వు ఊరుకుంటావా?”

“నవ్వులాట కాదు. ఆ ఉత్తరం ఎవరు తీశారో సినిమాలో చూపించారు. ముసలావిడ తీసింది. మేం ముగ్గురం చూశాం.”

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దించడం మర్చిపోయిన బరువులా.

“ఎవరేం చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పలేదు.”

“డిపో నుంచి ఎవరైనా వచ్చారా?”

“ఎవరూ రాలేదు. ఒక్కసారి కళ్ళాసుపత్రికి పోదాం. నా కోసం అనుకోండి.”

ఆయన తలుపు తెరుచుకుని కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళారు. అన్నిటికంటే సన్నసూది తీశారు. తెల్లదారం తెంపి, ఒక్క దెబ్బకు ఎక్కించారు. తెచ్చి నా ముక్కు ముందు పట్టుకున్నారు. దారం నాకు కనిపిస్తోంది గానీ బెజ్జం కనిపించడం లేదు.

“ఇంకేం కావాలి?” అన్నారు. గొంతు పెంచలేదు. “డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా? నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలనుందా? కూర్చుని ఏం చేయను, అంచులు ఎత్తనా?”

ఆ రాత్రి భోజనాల దగ్గర ఉప్పు అందించమని కూడా మేం ఒకరినొకరు అడగలేదు.

ఆదివారం నా వంతు.

శనివారం ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని సినిమాలు వెతికాను. నాకు ఇష్టమైనవన్నీ మాటల సినిమాలు. వినడానికి చెవులుంటే చాలు, ఆయన తప్పించుకుంటారు. మాటలు తక్కువ ఉన్నది కావాలి, ఆయన ఎప్పుడూ చూడనిది కావాలి. నాలుగు పక్కన పెట్టాక ఒకటి దొరికింది. నత్తనడక సినిమా. చూస్తుంటే ఆవలింతలు ఆగలేదు. కానీ గంట గడిచాక ఒక దృశ్యం వచ్చింది. నేను రిమోట్ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఇష్టమైనదాన్ని ఇంట్లోవాళ్ళకు పంచిపెట్టే ఆట అది. దాన్ని నేను వలగా వాడబోతున్నాను. పట్టుబడేది నా మొగుడే. పట్టుబడకపోతే సోమవారం ఉదయం అరవై మందిని ఎక్కించుకుని బయల్దేరతారు, మెట్టు మీద ఎవరూ లేకుండా. రెంటిలో ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు.

మూడింటికి అందరం కూర్చున్నాం. బయట వాన. నేను కుర్చీ గురించి ఏమీ అనలేదు. ఆయన దాన్ని అనుమానంగా గమనించారు.

“ఎందుకు ఇష్టమో చెప్పమ్మా,” అంది అమ్మాయి.

“ఇందులో మాట్లాడనివాళ్ళు బాగుంటారు,” అన్నాను. సినిమా మొదలుపెట్టాను.

గంటసేపు సినిమా పాకింది. అత్తయ్య రెండుసార్లు కునికింది. అమ్మాయి నా వైపు ‘ఏంటమ్మా ఇది’ అన్నట్టు చూసింది. అప్పుడు ఆ దృశ్యం వచ్చింది.

ఆసుపత్రి బయట పొడవాటి బెంచీ. కుడివైపు ఒక తండ్రి కూర్చుని, చేతిలో టోపీ తిప్పుతూ, ఊరి గురించి, పొలం గురించి, చిన్నప్పటి కుక్క గురించి చెప్తూ ఉంటాడు. తెర ఎడమ అంచున గోడకు ఆనుకుని అతని కూతురు నిలబడి ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. ఎర్ర స్వెట్టరు. ఒక్క మాట మాట్లాడదు, కదలదు. అతని వైపే చూస్తూ ఉంటుంది. నాలుగు నిమిషాలు, ఒక్క కట్ లేకుండా.

నేను తెర చూడలేదు.

మొదటి నిమిషం గడిచింది. రెండోది గడిచింది.

“పాపం,” అన్నారు ఆయన మెల్లగా. నిజంగా జాలిపడుతూ. “పిచ్చెక్కినట్టుంది. ఒక్కడే కూర్చుని ఎలా మాట్లాడుకుంటున్నాడో.”

“ఒక్కడేంట్రా,” అంది అత్తయ్య నిద్రమత్తులోంచి. “పక్కన పిల్ల ఉందిగా, బంగారంలాంటి పిల్ల.”

అమ్మాయి నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

ఆయన కళ్ళు కదల్లేదు. తల కదిలింది. నెమ్మదిగా, స్టీరింగ్ తిప్పినట్టు, ఎడమకు. ఇంకా ఎడమకు. ఒక చోట ఆగింది.

“ఎప్పుడొచ్చింది?”

అత్తయ్య కళ్ళు నులుముకుంది.

“బుజ్జీ. ఆ పిల్ల ఎప్పుడొచ్చింది?”

“మొదట్నుంచీ ఉంది నాన్నా,” అంది అమ్మాయి. దాని గొంతు ఎప్పుడో చిన్నప్పుడు విన్న గొంతులా ఉంది.

అమ్మాయి చేయి రిమోట్ మీదికి పోయింది.

“ఆపకు,” అన్నారు ఆయన. “మొదలయ్యాక లేవకూడదు. నియమం నియమమే.”

ఇంకా నలభై నిమిషాల సినిమా ఉంది. నలుగురం కూర్చున్నాం. తెర మీద ఏం జరిగిందో ఈరోజుకీ నాకు తెలియదు. అత్తయ్య పూర్తిగా మేలుకుని, కొడుకును చూడటం, నన్ను చూడటం, మళ్ళీ కొడుకును చూడటం, అదే చేసింది. ఎప్పుడూ మూయని నోరు అది. ఆయన మాత్రం తలను కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పుతూ, తెరను ముక్క ముక్కగా వెతుక్కుంటూ, చివరి అక్షరం దాకా చూశారు.

నచ్చిన ముక్క చెప్పమని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆయన లేచి వరండాలోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ఈసారి చెప్పులు చప్పుడయ్యేలా నడిచాను.

“ఈ సినిమా నీకు నిజంగా ఇష్టమా?” అని అడిగారు వాన వైపు చూస్తూ.

“లేదు.”

“అనుకున్నాను. పది నిమిషాలకే అనుకున్నాను. ఇంత నీరసం సినిమా నీకు నచ్చదు.”

“మరి లేచి వెళ్ళిపోవలసింది.”

“ఎక్కడికి?”

చూరు నీళ్ళు మెట్ల మీద పడుతున్నాయి.

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“వేసవి నుంచి. ముందు అద్దం మురికి అనుకున్నాను. రోజూ తుడిచాను.” ఎడమ చేయి వానలోకి చాపారు. “అంతా స్పష్టంగానే ఉంటుందే. చీకటేం ఉండదు. రోడ్డు ఖాళీగా, శుభ్రంగా ఉంటుంది. ఉన్నట్టుండి అక్కడ మనిషి ఉంటాడు. రావడం ఉండదు. సినిమాలో మధ్యలో కత్తిరించి అతికించినట్టు, లేనివాడు ఉంటాడు.”

“డాక్టరుకు చెప్పలేదా?”

“అట్ట చదవమన్నాడు. చదివాను. అబద్ధం ఏం చెప్పలేదు. అడిగినదానికే చెప్పాను.” నా వైపు తిరిగారు, తల మొత్తం తిప్పి. “కాగితం చేతికొచ్చాక నిజంగానే బాగయిందనుకున్నాను. ఒక రోజంతా అనుకున్నాను.”

“మీ కండక్టరమ్మను వేరే రూటుకు వేశారటగా,” అన్నాను. ఆమే చెప్పిందా అని ఆయన అడిగితే కాదనకూడదనుకున్నాను.

ఆయన అడగలేదు. తల ఊపారు.

“ఆ పిల్ల ఆ గోడ పక్కన నాలుగు నిమిషాలు నిలబడింది,” అన్నారు. “కదలకుండా. నన్నే చూస్తున్నట్టు నిలబడి ఉంటుంది కదూ?”

“వాళ్ళ నాన్నను చూస్తూ నిలబడింది.”

“అదే.”

భుజం మీద చేయి వేయబోయాను. ఆయన వద్దన్నట్టు ఒక అడుగు జరిగారు. నా మీద కోపమో, తన మీదో. దాని గురించి ఆ తర్వాత కూడా మేం మాట్లాడుకోలేదు. చూరు నీళ్ళలో మొహం కడుక్కుని, చొక్కా అంచుతో తుడుచుకుని లోపలికి వెళ్ళారు.

లోపల అమ్మాయి టీవీ ఆపేసింది. అత్తయ్య మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ మడతపెడుతోంది. ఆయన గది మధ్యలో నిలబడ్డారు. గొంతు సర్దుకున్నారు. డిపోలో రూటు మార్పు చెప్పేటప్పుడు ఎలా చెప్తారో అంత మామూలుగా చెప్పారు.

“అమ్మా, బుజ్జీ, ఇటు వినండి. రేపు పొద్దున నేను డిపోకి వెళ్తాను. టికెట్టు కొనుక్కుని, జనంలో కూర్చుని వెళ్తాను. బండి తాళం తీసుకోను. మేనేజరుతో నేనే చెప్తాను, ఆ కాగితంలో ఏం రాసినా సరే. అక్కణ్ణుంచి కళ్ళాసుపత్రికి. మీ అమ్మ వస్తుంది నాతో.”

నేను గుమ్మంలో తల ఊపాను.

“ఎన్ని రోజులు సెలవు పెడతావురా నాన్నా?” అంది అత్తయ్య. దుప్పటి ఆమె చేతుల్లోంచి జారిపోయింది.

“సెలవు కాదమ్మా,” అన్నారు. “ఇక నడపను.”